విస్తళ్లలో ఇంజన్

చాచా పోయాడని మా ఆయన చెరువుకట్ట దిగుతూనే కేకేసి చెప్పాడు. మా ఊళ్లో సెల్‌ఫోన్ కట్ట మీదే పలుకుతుంది. మంచి వార్తయినా చెడ్డ వార్తయినా ముందు కట్టెక్కాకే ఇల్లు చేరుతుంది. "సత్తుపల్లి నుంచి ఫోన్ చేసిండ్రు. పొద్దుగాల నమాజ్‌కి లేచిండట. కూసున్న కాడనే పోయిండట" అన్నాడు. నేనప్పుడు ట్రాక్టర్ కింద వెల్లకిలా పడుకుని గేర్ ఆయిల్ బోల్టు బిగిస్తున్నాను. సిగ్గు విడిచి నిజమే చెప్తాను, ముందు నాకు ఏడుపు రాలేదు. అయ్యో, ఇక క్లచ్ ఎవరు సెట్ చేస్తారు అనిపించింది. ఏడుపు ఆ తర్వాత వచ్చింది, వచ్చాక ఎంతకీ ఆగలేదు. చాచా ఉండి వింటే ఆ మొదటి ఆలోచనకే నన్ను మెచ్చుకునేవాడు.

ఆయన నాకు చుట్టం కాదు. సత్తుపల్లిలో తాతల నాటి నుంచి ఇనుముతో పని చేసుకుని బతికిన సాయిబుల ఇంటి మనిషి. ఏన్కూరు నుంచి అశ్వారావుపేట దాకా అడవి అంచు ఊళ్లన్నిటికీ ఆయన చాచాయే. పిల్లలకూ చాచా, ఆ పిల్లల తాతలకూ చాచా. షెడ్డు లేదు, బోర్డు లేదు. ఓ ముసలి మోపెడ్, దాని వెనక యూరియా సంచిలో చుట్టిన పానాలు, అంతే ఆయన దుకాణం. "బండి మీ ఇంటి ముంగట చెడింది. మీ ఇంటి ముంగటనే బాగు గావాలె" అనేవాడు.

ఎడ్లను అమ్మేసి సెకండ్‌హ్యాండ్‌లో చిన్న ట్రాక్టర్ కొనడం నా పట్టుదల. మా పొలం చెరువు కింద ఊబి నేల. పెద్ద ట్రాక్టర్ దిగిందంటే ఇరుసు దాకా కూరుకుపోయి, దాన్ని లాగడానికి ఇంకోటి, ఆ ఇంకోదాన్ని లాగడానికి ఊరంతా రావాలి. చిన్నదైతే ఇనుప పంజరాల్లాంటి కేజ్ వీల్స్ తొడిగితే బాతులా తేలుతూ పోతుంది. మూడు సిలిండర్లు, రంగు వెలిసి ఇటుకలా అయిన బానెట్, ఒకే ఒక్క లైటు. మా అత్తకు మాత్రం అది పడలేదు. "ఎడ్లు పేడన్న పెట్టేటియి. ఇదేం పెడ్తది, పొగ" అంది. మొదటిసారి చూడవచ్చిన చాచా బండి చుట్టూ ఓ తిరుగు తిరిగి, బోల్టులన్నీ వేలి కణుపుతో తట్టి, కిందకు వంగి చూసి, "ఉత్త పొగనే గాదమ్మా, నూనె గూడ పెడ్తుంది. చూడు, ఎట్ల కారుతుందో!" అన్నాడు. అత్త నవ్వకూడదనుకుని కూడా నవ్వింది.

ఆ రోజే పానా నా చేతిలో పెట్టాడు. మా ఆయన చెయ్యి చాపాడు, చాచా ఆయన్ను దాటి నాకిచ్చాడు. మా ఆయనతో, "నువ్వు నడుపుతవ్. ఇంటికాడ దీని ముంగట ఉండేది బిడ్డ. దీని బాగోగులు బిడ్డనే చూడాలె" అన్నాడు. మా వాడలో నెల రోజులు అదే ముచ్చట. బావి దగ్గర నన్ను చూసి ఒకావిడ, "ఇయ్యాల కూరల గ్రీసేసినవా?" అని అడిగింది. వేశానని చెప్పాను.

నాకు ఆ పని ఎంత నచ్చిందో ఎలా చెప్పను! తుప్పు పట్టి కదలని బోల్టు కిర్రుమని మొదటి చుట్టు తిరిగినప్పుడు ఒళ్లంతా జల్లుమంటుంది. పెళ్లిచూపులప్పుడు కూడా నాకంత గుండె దడ రాలేదు, మా ఆయన చదివితే చదవనీ. చాచా కూడా అంతే. అరవై ఏళ్లు దాటిన మనిషి, జబ్బెక్కడుందో తెలియగానే తొడ మీద చరుచుకుని "దొరికింది దొంగ!" అని అరిచేవాడు. సుత్తి పట్టుకుని దగ్గరికొచ్చే వాళ్లంటే మాత్రం ఆయనకు అరికాలి మంట నెత్తికెక్కేది. "కొడితే దారికొస్తదా? పోయి నీ తలకాయ మీద కొట్టుకో" అనేవాడు. చాయ్ సాసర్లో పోసుకుని, డీజిల్ వాసన చేతులతోనే తాగేవాడు. పాత ధోవతి గుడ్డలో వడకట్టకుండా డీజిల్ పోస్తే ఆ చాయ్ కూడా ముట్టేవాడు కాదు. నాకు మొదట నేర్పిన మాట, "నూనె చూసినంకనే మొఖం కడుక్కో." ఇప్పటికీ అదే వరస నాది.

అన్నిటికంటే విచిత్రం ఆయన విడిభాగాలు పెట్టుకునే తీరు. గుడ్డ మీద పెడితే పోగులంటుకుంటాయి, కాగితమైతే నూనెకు నానుతుంది. అందుకని అడవి ఊళ్ల ఆడవాళ్లు సంతకు తెచ్చే అడ్డాకు విస్తళ్లు కొనుక్కొచ్చేవాడు. ఇంజన్ ఇప్పడం మొదలుపెట్టగానే అరుగు మీద బంతి భోజనానికి వేసినట్టు వరసగా విస్తళ్లు వేసేవాడు. ముందు ఇప్పింది మొదటి విస్తట్లో, తర్వాతది రెండో విస్తట్లో. పని ఆపి లేచేటప్పుడు దుమ్ము పడకుండా ఒక్కో విస్తరినీ సగానికి మడిచేవాడు. మడిచిన ఆకులు అలా బారుగా ఉంటే ఎవరో కడుపునిండా తిని లేచి వెళ్లినట్టే ఉండేది. అది చూసి ముచ్చట పడ్డానే కానీ, దానివల్ల మా కొంప మునిగేంత పనవుతుందని నాకు తట్టలేదు.

ఆ ఏడు వానలు ఆలస్యంగా పడ్డాయి. చెరువులోకి నీళ్లొచ్చేసరికి నారు ముదరబోతోంది. ఇంకో నాలుగైదు రోజుల్లో దమ్ము చేసి నాటకపోతే నారంతా గేదెలకు కోసి వెయ్యడమే. సరిగ్గా అప్పుడు, ఒక పొద్దున మొహం కడుక్కోక ముందు నూనె కొలిచే డిప్‌స్టిక్ పుల్ల తీసి చూస్తే, నూనె పాలెక్కువైన చాయ్ రంగులో ఉంది. ఎడ్లు లేవు, అమ్మించింది నేనే. పెద్ద ట్రాక్టర్ మా మళ్లలో దిగదు. ఆ ఏటి పంటంతా ఆ పుల్ల చివర వేలాడుతోంది. అత్త అన్నం వేళలోపు ఎడ్ల పేరు మూడుసార్లు ఎత్తింది.

చాచా వచ్చి ఆ నూనె వేళ్ల మధ్య రాసి చూశాడు. "దొరికింది దొంగ! నీళ్లు నూనెల కలుస్తున్నయ్. హెడ్ గాస్కెట్ పోయింది. హెడ్ ఇప్పుదాం, ఎట్లనూ ఇప్పినంక వాల్వులు గూడ రుద్దుదాం" అన్నాడు. మా ఆయన గాస్కెట్ కోసం సత్తుపల్లి బస్సెక్కాడు. ఇంజన్ పైన మూతలా ఉండే హెడ్ దిగింది. మూడు సిలిండర్లకు ఆరు వాల్వులు. ఒక్కోదానికీ దాని గూడు దానిదే. పేస్టు రాసి, పప్పుగుత్తి తిప్పినట్టు కర్రను రెండు అరచేతుల మధ్య తిప్పుతూ, ఆ వాల్వును ఆ గూటిలోనే అరగదియ్యాలి. "నీ ఏళ్లు సన్నగున్నయ్, నువ్వే రుద్దు" అని నాకే అప్పగించాడు. ఒక రోజంతా తిప్పాను. అరచేతులు బొబ్బలెక్కాయి. సాయంత్రానికి ఆరు వాల్వులూ వాటి స్ప్రింగులు, లాకులతో సహా ఆరు విస్తళ్లలో పడుకున్నాయి. లాకులంటే చిన్న ఇనుప ముక్కలు, ఒక్కో వాల్వు కాడకు రెండు, ఊడిపోకుండా పట్టి ఉంచుతాయి.

మర్నాడు పొద్దున నేను పొయ్యి దగ్గరున్నాను. చాచా బోరింగు దగ్గర చేతులు కడుక్కుంటున్నాడు. గేదెల కొట్టంలోంచి పేడగంపతో వచ్చిన అత్తకు అరుగు మీద ఆరు మడిచిన విస్తళ్లు కనబడ్డాయి. మా ఇళ్లలో తిన్న ఆకు మడవడం మర్యాద, మడిచిన ఆకును అలాగే వదలడం అశుభం. ఆవిడ ఇంకేం ఆలోచిస్తుంది? చీపురుతో ఆరింటినీ గంపలోకి తోసి, పెంటకుప్ప మీద కుమ్మరించి, పైన ఇంకో గంపెడు పేడ వేసి, వచ్చి అరుగంతా శుభ్రంగా అలికింది కూడా.

నేను బయటికొచ్చేసరికి అరుగు మిలమిలలాడుతోంది.

"అత్తా, ఈడ ఆకులేవి?"

"తీసిన. మీకు తినుడే గని తీసుడు తెల్వదు!"

చాచా అరుగు చూశాడు, అత్తను చూశాడు, పెంటకుప్పను చూశాడు. చూసి, దగ్గొచ్చేదాకా నవ్వాడు. "ఇంజన్ ఎంగిలి తీసినవా అమ్మా! దానికింత మర్యాద ఎవ్వరూ జెయ్యలే!" అన్నాడు. నవ్వడం అయ్యాక లుంగీ ఎగ్గట్టి పెంటలోకి దిగాడు. నేనూ దిగాను. ఆరు వాల్వులూ దొరికాయి. ఆరు స్ప్రింగులూ దొరికాయి. లాకులు పన్నెండు కావాలి, పదకొండు దొరికాయి. ఎండ నెత్తికెక్కుతోంది, పన్నెండోది మాత్రం లేదు. అప్పుడు అత్త ఏమనుకుందో, లోపలికి వెళ్లి చాట తెచ్చింది. పెంటకుప్ప పక్కన గొంతుకూర్చుని, పెంటను చాటలోకి ఎత్తుకుని వడ్లు చెరిగినట్టు చెరగడం మొదలుపెట్టింది. నాలుగో చాటలో టింగుమంది.

"ఇదేనా? ఈ గోరంత దానికా ఇంత లొల్లి?" అంది, పేడంటిన ఇనుప ముక్కను వేళ్లతో పట్టుకుని.

"అమ్మా, గా గోరంతది జారితే వాల్వు ఊడి లోపల పడ్తది. పిస్టన్ పలుగుతది. ఇంజన్ ఖతం" అన్నాడు చాచా. అత్త మొహం మారిపోయింది. ఆ తర్వాత పంట ఇంటికొచ్చేదాకా ఎడ్ల పేరెత్తలేదు.

అన్నిటినీ డీజిల్‌లో కడిగాం. ఇప్పుడు ఏ వాల్వు ఏ గూటిది? చాచా అరుగు మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, ఒక్కోటి నా చేతికిచ్చి అడగడం మొదలుపెట్టాడు. "చెప్పు బిడ్డా, ఇది ఏ ఇంటిది?" నన్ను పరీక్ష చేస్తున్నాడని నాకు ఎక్కడలేని హుషారు. వాటిని రోజంతా తిప్పిన చేతులు కదా ఇవి! కాడ మీద గీత ఉన్నది రెండో గూటిది, అంచు దగ్గర చిన్న చొట్ట ఉన్నది ఐదోది, తిప్పుతుంటే కీచుమన్నది మొదటిది. ఆరూ చెప్పాను. చాచా ప్రతిదానికీ "అవ్, అవ్" అని తలాడించాడు. గూళ్లలో పెట్టి, సరిగ్గా కూర్చున్నాయో లేదోనని కిరోసిన్ పోసి చూశాం. ఒక్క చుక్క కారలేదు! చప్పట్లు కొట్టేశాను.

ఆ తర్వాత లాకులు. చాచా స్ప్రింగును అణచి పట్టుకుంటే, వేలి కొసకు గ్రీసు అంటించుకుని రెండు ముక్కలనూ లోపల కూర్చోబెట్టడం నా పని.

"పడ్డయా?"

"పడ్డయ్ చాచా."

"మంచిగ చూసినవా?"

ప్రతి వాల్వుకూ అదే ప్రశ్న. ఆరోదానికి నాకు ఒళ్లు మండింది. "చూసిన చాచా! నా మీద నమ్మకం లేదా?"

నా మొహంలోకి ఒక్క క్షణం చూసి, "నమ్మిన" అని స్ప్రింగు వదిలాడు.

చాచాను మట్టి చేసిన రోజు మా ఆయన కబరస్తాన్‌కు వెళ్లాడు. నేను వాళ్లింట్లో, ఆయన భార్య చాచీ పక్కన కూర్చున్నాను. ఆవిడ నా చేతులు తన ఒళ్లోకి తీసుకుని, గోళ్లలో ఇంకిన గ్రీసును బొటనవేలితో రుద్దుతూ చెప్పింది. "ఆయనకు కండ్లు సగం పోయినయ్ బిడ్డా. మోతియా, కండ్లల్ల పొరలు. ఆపరేషన్ జేపించుకోమంటే ఇంటుండెనా? మందికి తెలిస్తే పని పోతదని ఎవ్వరికీ చెప్పనియ్యలే. మీ ఇంటికాడ పెంటల పడ్డ సామాన్లు బిగించిన్రు సూడు, ఆ దినం ఇంటికొచ్చి చెప్పిండు. 'నాకు ఏ వాల్వు ఏడిదో తెల్వలే. లాకులైతే కనపడనే లేవు. బిడ్డ పడ్డయ్ అన్నది, నేను బిగించిన' అన్నడు."

అది పరీక్ష కాదు. ఆయన నిజంగానే అడిగాడు. ముప్పై ఏళ్ల పేరు, మా ఒక ఏటి తిండి, రెండూ నా వేలి కొస మీద పెట్టి, నాకు తెలియకుండా నవ్వుతూ కూర్చున్నాడు. ఆ మాట ముందే తెలిసుంటే నా చెయ్యి వణికేది. వణక్కూడదనే చెప్పలేదు. చాచా, నీకు నేను ఏ రకంగానూ సరిపోను.

ఆ రోజు లాకులు పడ్డాక, హెడ్ బిగించి, నూనె మార్చి, డీజిల్ పైపులో గాలి తీసేసరికి మర్నాడు మధ్యాహ్నమైంది. మా ఆయన నాట్లకు మనుషుల్ని పిలవడానికి పక్క ఊరు వెళ్లాడు. ఆయన వచ్చాక దమ్ము మొదలుపెడతాం అనుకుంటుంటే, చాచా తాళం నాకిచ్చాడు. వాకిట్లో ముందుకూ వెనక్కూ తిప్పడమే తప్ప పొలంలో దింపింది లేదు నేను. ఎక్కాను. తాళం తిప్పాను. రెండుసార్లు దగ్గి, మూడోసారి అందుకుంది! అరుగు మీద అత్త రెండు చేతులూ నోటి మీద పెట్టుకుంది. నేను అరిచానో, పాడానో నాకే తెలియదు, పొలం దాకా తోలుకెళ్లాను, కేజ్ వీల్స్ నీళ్లను చిమ్ముకుంటూ మడిలోకి దిగాయి.

మలుపు తిప్పి చూస్తే, నా వెనకే పొలానికి వచ్చిన చాచా గట్టు మీద లేడు. మడిలోకి దిగాడు. లుంగీ మోకాళ్ల పైకి కట్టి, బురదలో దిగబడుతూ, లేస్తూ, ట్రాక్టర్ వెనకే వస్తున్నాడు. తెల్ల గడ్డమంతా బురద. ఒక చెయ్యి చెవి వెనక దొన్నెలా పట్టుకున్నాడు, మొహం ఇంజన్ వైపు తిప్పి, కళ్లు మూసుకుని. "గట్టెక్కు చాచా!" అని అరిచాను. వినిపించుకోలేదు. అప్పుడు సంబరం పట్టలేక దిగాడనుకుని నవ్వుకుంటూ తోలాను. మొదటి మడి, రెండో మడి, మూడో మడి. మూడో మడి చివరి చుట్టులో వెనక్కి తిరిగి చూసేసరికి ఆయన నడుస్తున్నవాడు ఆగిపోయాడు. చెవి దగ్గరి చెయ్యి మెల్లగా దించాడు, ఏ లాకూ జారలేదని నమ్మకం కుదిరినట్టు ఆ బురదలో అలాగే కూర్చుండిపోయాడు.