అన్నీ తగ్గించుకున్న సారు

మంగళవారం పొద్దున ఉదయగిరి బస్టాండు దగ్గర నా కంప్యూటర్ రిపేరు షాపు షట్టరు ఎత్తుతుంటే ఫోను మోగింది. ఆత్మకూరు నుంచి, నాతో పాటు చదువుకున్నవాడు. "సారు పోయినాడు రా. పొద్దన్నే స్నానానికి నీళ్ళు తోడుకుంటా పడిపోయినాడంట. ఆస్పత్రి దాకా కూడా పోలేదు" అన్నాడు. షట్టరు మళ్ళీ కిందికి లాగి బస్సెక్కాను. బస్సు ఆత్మకూరు చేరేలోపే మా పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపు నిండిపోయింది. సారు దేవుడట. ఓర్పుకు మారుపేరట. ఒకడైతే సారు జన్మలో ఎవరినీ నొప్పించి ఎరగరని రాశాడు. వాడిని సారు రెండుసార్లు క్లాసులోంచి బయటికి గెంటడం నేను కళ్ళారా చూశాను.

చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. నేను అలా రాయలేను. ఆయన మీద నాకు కోపం ఉంది. పోయిన రోజు ఎంత ఉందో ఇవాళా అంతే ఉంది. ఆ కోపంతోనే రాస్తున్నాను, మీరే కాస్త సర్దుకుని చదవండి.

ఆత్మకూరులో సారుది అద్దె మేడ, కింద ఇల్లు, పైన కంప్యూటర్ సెంటరు. డిగ్రీ చదివే రోజుల్లో ఉదయగిరి నుంచి బస్సులో వచ్చి ఆయన దగ్గర నేర్చుకున్నాను. టైపింగు, లెక్కల షీట్లు, ఇలాంటివన్నీ క్లాసులో చెప్పేవారు. రిపేరు పని మాత్రం క్లాసులో చెప్పలేదు. ఆదివారం మధ్యాహ్నాలు తన సొంత లాప్‌టాప్ మీద ఆటలాడుతూ నేర్పారు. అవును, వీడియో గేములే. యాభై దాటిన మనిషి, నుదుటి మీద విభూతి, గళ్ళ లుంగీ. ఆ అవతారంలో గుర్రమెక్కి మంచుకొండల్లో దొంగల్ని తరిమేవారు.

ఆ లాప్‌టాప్‌ని మీరు చూడాలి. గ్రాఫిక్స్ కార్డు లేదు, నాలుగు జీబీ ర్యాము, అది కూడా ఎప్పటిదో. ఆ ఆటకి కావలసిన దాంట్లో సగం బలం కూడా దానికి లేదు. మొదటిసారి తెరిచినప్పుడు గుర్రం ఒక అడుగు వేసేలోపు నేను కిందికి పోయి టీ తాగి వచ్చాను. వేరే వాళ్ళయితే ఆట తీసేసేవారు. ఆయన సెట్టింగ్స్‌లోకి పోయి ఒక్కొక్కటే తీయడం మొదలుపెట్టారు. ముందు నీడలు. "నీడతో ఎవడికి పని రా, తీసెయ్" అన్నారు. తరువాత గడ్డి, ఆ తరువాత నీళ్ళ మీద మెరుపు. అదీ చాలక ఆట ఫైళ్ళు నోట్‌ప్యాడ్‌లో తెరిచి, బయటికి కనపడని అంకెలు కూడా కోసేశారు. మూడు ఆదివారాలు పట్టింది. చివరికి గుర్రం పరిగెత్తింది. దానికి తోక లేదు, తోక ఉండాల్సిన చోట ఒక పలక ఉంది. కొండ మైదా ముద్దలా ఉంది. ఊళ్ళో మనుషులే లేరు. "చూసినావా, ఆడతా ఉండాది!" అని సారు తొడ చరిచారు.

ఆట నడుస్తుంటే లాప్‌టాప్ అడుగున దోసె పోయొచ్చు. ఫ్యాను మోత పిండిమరను మించిపోయేది. గాలి ఆడాలని దాని కింద నాలుగు మూలలా మా ఉదయగిరి చెక్క స్పూన్లు పెట్టించారు. వాటిని నాచేతే తెప్పించి, నున్నగా లేవని వంక కూడా పెట్టారు.

"మిషను పేదదైతే ఆటని పేదది చెయ్యి. ఆడడం మాత్రం మానబాక" అనేవారు. ఈ మాటని ఇప్పుడు గ్రూపులో నలుగురు పూలబొమ్మలు తగిలించి పెట్టారు. చూస్తే నాకు ఒళ్ళు మండుతోంది.

నేను షాపు పెట్టిన కొత్తలో కలిగిరి నుంచి ఒకాయన కూతురికి కొత్త లాప్‌టాప్ కొందామని వచ్చాడు. సారు సలహా అడుగుతానంటే నేనే ఫోను కలిపి స్పీకరు పెట్టాను. "కొత్తది ఎందుకు? ఉండేదే చాలు. ఆ బిడ్డని ఆదివారం నా దగ్గరికి పంపించు, నడిపిచ్చి చూపిస్తా" అన్నారు సారు, నా షాపులో, నా ఫోనులోంచి. ఆయన దండం పెట్టి వెళ్ళిపోయాడు. నేను నెల రోజులు సారుతో మాట్లాడలేదు. మళ్ళీ వెళ్ళినప్పుడు రాజీకి గుర్తుగా ఒక ర్యాము పట్టుకెళ్తే లాప్‌టాప్ మూత తీయనివ్వలేదు. "అన్నీ ఉంటే ఎవడైనా ఆడిస్తాడు. దాంట్లో నీ గొప్పేముండాది?" అని పంపించారు.

అబద్ధమెందుకు, ఆ పిచ్చి వల్లే నాకు కంప్యూటరు కడుపులో ఏముందో తెలిసింది. ఇవాళ నేను తినే అన్నం ఆ ఆదివారాలదే. ఒకసారి ఆటలో గుర్రం ఉన్నట్టుండి నిదానమైంది. తడబాటు లేదు, ఒకే తీరుగా నడుస్తోంది. ఇలా బాగుంది సారూ అన్నాను. నెత్తిన ఒక మొట్టికాయ వేశారు. "బాగుండేది కాదు రా అది. వేడెక్కితే మిషను తనంతట తనే నిదానమైపోతాది, కాలిపోకుండా. పైకి నెమ్మదిగా కనపడతాది, లోపల ఉడికిపోతా ఉంటాది. నిదానమైందంటే ముందు మూత తీసి చూడాల" అన్నారు. ఈ ముక్క నేను రోజుకి ఇద్దరు ముగ్గురికి చెప్తుంటాను, నా సొంత తెలివి అన్నట్టుగా.

పోయిన ఎండాకాలం ఆయాసం వస్తోందని నెల్లూరు వెళ్ళి చూపించుకున్నారు. గుండెకి రక్తం పోయే నాళం మూసుకుపోతోంది, స్టెంటు వేయాలి, ఆలస్యం చేయొద్దు అని డాక్టరు చెప్పాడు. ఆ ఆదివారం సారు నాకు ఆ సంగతి ఎవరికో వచ్చిన జబ్బులా చెప్పారు.

"మెట్లెక్కితేనే నొప్పి రా. ఎక్కకుంటే ఏమీ లేదు."

"మరి స్టెంటు సారూ?"

"చూద్దాంలే. ముందు క్లాసు కిందికి దించుదాం పట్టు."

ఏడు కంప్యూటర్లు, బల్లలు, కుర్చీలు ఒక్కపూటలో వసారాలోకి దించాను. ఆయన కూర్చుని ఏ వైరు ఎక్కడికో చెప్పారు. సాయంత్రానికి అన్నీ వెలిగాయి. ఆయనకి నొప్పి రాలేదు. "చూసినావా, ఆడతా ఉండాది" అన్నారు. నేను నవ్వి, "సూపర్ సెట్టింగు సారూ" అన్నాను. ఈ ఒక్క మాట మీకు చెప్పడానికే ఇంతసేపు చుట్టూ తిప్పాను.

అక్కడి నుంచి ఆయన ఒక్కొక్కటే తీసేస్తూ పోయారు. బజారు నడక మానేశారు. గట్టిగా పాఠం చెప్పడం మానేసి కాగితాలు పంచారు, ఆ ప్రింటరు బిగించింది నేనే. స్కూటరు అమ్మేశారు. రాత్రి అన్నం మానేశారు. చివరికి ఆట కూడా నాకే వదిలేసి, లాప్‌టాప్ నా ముందుకి జరిపి, తను పక్కన కూర్చుని చూసేవారు. ఆత్మకూరులో అందరూ సారు ఇప్పుడు శాంతంగా ఉన్నారన్నారు. నేనూ అన్నాను. మూత తీసి చూడమని నాకు నేర్పిన మనిషి పక్కనే కూర్చుని ఉంటే, నేను గుర్రం తోలుకుంటూ కూర్చున్నాను.

సారు భార్యని మేమంతా అమ్మా అనే పిలుస్తాం. ఒకరోజు ఆవిడ నన్ను వాకిట్లో ఆపి, "నువ్వన్నా చెప్పు నాయనా. నెల్లూరు పోదామంటే ఈ బ్యాచి అయిపోనీ అంటాడు, పండగ పోనీ అంటాడు" అన్నది. సారుని ఒకే ఒక్కసారి అడిగాను. "నువ్వెప్పుడు డాక్టరువైనావు రా?" అన్నారు. నాకు రోషం వచ్చి చెప్పులేసుకుని వచ్చేశాను. ఆయనది భయమని ఇప్పుడు అర్థమవుతోంది. నాది పౌరుషం. మా ఇద్దరిలో ఎవరికి బుద్ధి లేదో మీరే చెప్పండి.

పదకొండో రోజు భోజనాలయ్యాక అమ్మ మేడ తాళం నా చేతిలో పెట్టింది. "పైన ఏందో వైర్లు మిగిలుండాయంట, తీసుకుపో. సున్నం వేయిస్తానని ఓనరు చెప్పి పంపినాడు."

నేను కదల్లేదు. "అమ్మా, సామానంతా కిందికి దించింది నేనే" అన్నాను. "ఎవరి మాట విన్నాడు నాయనా ఆయన" అంటుందనుకున్నాను. ఆ మాట వినాలనే అన్నాను.

"అవును, నువ్వే దించినావు" అన్నది అమ్మ. గొంతులో కోపం లేదు. "క్లాసు మేడ మీదే ఉండింటే, ఎక్కలేక అన్నా నెల్లూరు పొయ్యేవాడేమో." విస్తరాకులు ఎత్తించడానికి లోపలికి వెళ్ళిపోయింది.

నేను మెట్లెక్కాను. ఆ మెట్ల మీద సారుతో కలిసి నడిచింది ఎప్పుడూ లేదని అప్పుడు గుర్తొచ్చింది. "నువ్వు పో, పోయి మిషను ఆన్ చెయ్యి, వస్తా" అని ఎప్పుడూ నన్నే ముందు పంపేవారు. నేను పైన మిషను ఆన్ చేసుకుని, ఇంతసేపేంది సారూ అని కేకలేస్తుండేవాడిని.

కుడిచేతి వైపు గోడ మీద, ఛాతీ ఎత్తులో, అరచేతి మరక ఉంది. ఒక్కరోజుది కాదు, చెమటా జిడ్డూ పేరుకుని నల్లబడింది. అలాంటివి మూడు చోట్ల ఉన్నాయి. నెల్లూరు వెళ్ళొచ్చాక ఆయన ఈ మెట్లెక్కనే లేదు. ఇవన్నీ అంతకు ముందువి. మొదటిది ఎనిమిదో మెట్టు దగ్గర, రెండోది మలుపులో. మూడోదానికి పైన ఇంకా అయిదు మెట్లే ఉన్నాయి. అన్నిటికంటే నల్లగా ఉన్నది అదే, అయిదు వేళ్ళూ విడివిడిగా తెలుస్తున్నాయి.