సైరన్‌కు సరిచేసిన గడియారం

డెబ్బైల చివర్లో, వన్ టౌన్‌లో మా ఇంటి వెనక ఫ్యాక్టరీ ప్రతి సోమవారం పదింటికి ప్రమాద సైరన్‌ను పరీక్షగా మోగించేది. వేరే వేళ మోగితే గ్యాస్ లీకైనట్టే, తలుపులు మూసుకోమన్న కరపత్రాన్ని గోడ గడియారం కింద నేనే అతికించాను. వీధంతా మాత్రం ఆ కూతతో గడియారాలు సరిచేసుకునేది.

ఒక సోమవారం అది మోగేసరికి నా గడియారం తొమ్మిదిన్నర చూపిస్తోంది. వెనకబడిందనుకుని ముల్లు పదికి తిప్పాను.

"నీదీ ఎనకబడిందేటి బావా?" అని పక్కింటాయన కిటికీలోంచి నవ్వాడు.

మేడమీద వడియాలు పెడుతున్న నా భార్య, "ఇయ్యాల ఎంతకీ ఆపరేటండీ?" అని అరిచింది.

"పరీక్షేలే, నీ పని కానీ" అన్నాను.

కాసేపటికి ఆమె దగ్గు వినిపించింది. తర్వాత పక్కింటాయనది.

ఆమె దగ్గు మొదలైన వేళ నా డైరీలో పదీ పది అని ఉంది. నిజానికి అప్పుడు తొమ్మిదీ నలభై. ఆ దగ్గు ఆమెను చివరిదాకా వదల్లేదు.