దండ వేసిన ఫ్రెంచి బొమ్మ

మెట్టుగూడలో వాన పట్టుకుంటే ఓ టీకొట్టులో దూరాను. గోడ మీద ఓ పటం కనిపించింది. పొలంలో తలలు వంచి నిలబడ్డ రైతు దంపతులు. పందొమ్మిదో శతాబ్దపు ఫ్రెంచి చిత్రకారుడి బొమ్మ అది, విజయవాడలో మా డ్రాయింగ్ క్లాసులో ఏటా నేను చూపించేదే. దానికి పూలదండ వేసి, ఇద్దరి నుదుటా కుంకుమ పెట్టారు.

“ఎవరమ్మా వీళ్లు?” అని అడిగాను.

“మా అమ్మ, నాయిన” అంది కొట్టు నడిపే ఆవిడ.

“ఇది ఎప్పుడో ఫ్రాన్సులో వేసిన బొమ్మ కదమ్మా.”

“ఎరుకే సారూ. మావోళ్ల ఫోటో ఒక్కటి సుత లేదు. పొలంల గిట్లనే నిలబడేటోళ్లు. వీళ్ల మొఖాలు సరిగ కనబడవు గద, మావోళ్లే అనుకున్న.”

మళ్లీ పటం వైపు చూశాను. టీ చేతికిస్తూ ఆవిడే అడిగింది.

“గీసినాయన తాన సుత అమ్మానాయినల ఫోటో లేకుండెనా సారూ?”