అక్క చదివితే బావ ఆడిన ఆట

మొన్న ఆదివారం ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఉండగా బావ ఫోన్ చేశాడు. బావంటే మా అక్క భర్త. మల్లాపూర్‌లో ఒక చిన్న కంపెనీలో సూపర్‌వైజరు, యాభై దాటిన మనిషి. "గిదేం ఆట బామ్మర్దీ? వంతు లేదు, పాడు లేదు. మనం సోంచాయించేలోపే మీదికొచ్చి గుద్దుతున్నరు. జర ఇంటికి రా, నువ్వే సూడు" అన్నాడు. ఎవరితోనో గొడవ పడ్డాడనుకునేరు, ఆయన బాధంతా వీడియో గేమ్ గురించి. నేను బండి నాచారంలోని వాళ్ళింటి వైపు తిప్పాను.

జపాన్ వాళ్ళు ఏళ్ళ తరబడి భాగం తర్వాత భాగం తీస్తూ వస్తున్న ఆట అది. కొందరు జట్టుకట్టి ఊళ్ళు తిరుగుతూ, రాక్షసులతో పోరాడుతూ, చివరికి లోకాన్ని కాపాడతారు. ప్రతి భాగంలోనూ లోకం వేరు, మనుషులు వేరు, కనక వెనకటివి ఆడకపోయినా ఇబ్బంది లేదు. పాత భాగాల్లో పోరాటం వంతులవారీగా సాగేది. మన వంతులో ఏం చేయాలో మనం తేల్చుకునేదాకా అవతల రాక్షసుడు కత్తి పట్టుకుని బుద్ధిగా నిలబడి ఉండేవాడు. బావ లేచి వెళ్ళి టీ తాగి, పక్కింటాయనతో నీళ్ళ ట్యాంకరు సంగతులు మాట్లాడి వచ్చినా వాడు కదిలేవాడు కాదు. అంత మర్యాద ఉప్పల్‌లో బస్సెక్కేవాళ్ళ దగ్గర నేనెప్పుడూ చూడలేదు. ఇక సంగీతం గురించి ఎంత చెప్పినా తక్కువే. ఆటలో ఊళ్ళోకి అడుగుపెట్టగానే వచ్చే ఆ బాణీ ఎక్కడ విన్నా నాకు అక్క వాళ్ళింటి పోపు వాసన గుర్తొస్తుంది.

లోపాలంటారా, కొల్లలు. నాలుగడుగులు వేస్తే చాలు, ఎక్కణ్ణుంచో రాక్షసులు ఊడిపడతారు. ఆకాశం విరిగి నెత్తిన పడబోతున్నా సరే, ఊళ్ళో ఒక పెద్దమనిషి తన పిల్లి తప్పిపోయింది, వెతికిపెట్టమంటాడు. ఆటంతా ఒక దుర్మార్గుడి వెంటపడి తిరిగాక, అసలువాడు వేరే ఉన్నాడని ఆఖర్న చెబుతారు. అప్పటిదాకా వాడి ఊసే ఉండదు. అన్నిటినీ మించి, మాటలు. గుమ్మం దాటాలన్నా ఇంగ్లీషులో పేజీలకు పేజీలు మాట్లాడుకుంటారు. బావ జనగామ వైపు తెలుగు మీడియంలో చదువుకున్నవాడు. అందుకని పెళ్ళైన కొత్తలోనే ఒక ఏర్పాటు కుదిరింది. బావ ఆడతాడు, అక్క చదువుతుంది.

అక్క నాచారంలో స్కూలు టీచరు. చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ, తెర వైపు ఓ చూపు వేసి, ఆ ఇంగ్లీషంతా తెలుగులో చెప్పేది. "వీడికి వాళ్ళ నాన్న మీద కోపమండీ, పైకి మాత్రం లోకం కోసమంటున్నాడు" అనేది. రాజుకొక గొంతు, మంత్రగత్తెకు మా పెద్దమ్మ గొంతు. ఆటలో తనకు నచ్చని పిల్ల ఎవరైనా మాట్లాడితే మాత్రం సగం మింగేసేది. బావ పట్టేసేవాడు. "గంతసేపు మాట్లాడితే నువ్వేంది గింతే జెప్తివి?" అంటే, "నా బొంద, అంతా సోది" అనేది. తర్వాతి భాగాల్లో ఆ బొమ్మలు వాటి గొంతులతో అవే మాట్లాడటం మొదలుపెట్టాయి. లోకమంతా మెచ్చుకుంది గానీ, ఆ ఇంట్లో అదీ ఒక లోపమే అయింది. బావ టీవీ సౌండు తగ్గించేసి అక్కనే చదవమనేవాడు.

బావకు ఆటలో ఒక పిసినారితనం ఉంది. చావుబతుకుల్లో ఉన్నవాణ్ణి ఒక్క గుక్కతో లేపి కూర్చోబెట్టే మందొకటి అరుదుగా దొరుకుతుంది. జట్టంతా నేలకొరిగినా దాన్ని వాడడు. "ముందట ఏం అక్కరొస్తదో ఎవలకెర్క?" అంటాడు. ఆట అయిపోయేది, మందులు మాత్రం సంచిలోనే మిగిలిపోయేవి. చుట్టాలొస్తే తీద్దామని కొత్త దుప్పట్లు బీరువాలో దాచే అక్క కూడా ఈ విషయంలో ఆయన్ని వెక్కిరించేది.

కిందటేడు అక్క మెడలో గడ్డ కనిపించింది. ఆపరేషన్ చేయాలన్నారు. ప్రాణభయం లేదు గానీ, గొంతు నరం పక్కనే ఉంది కాబట్టి మాట మునుపటిలా ఉంటుందో లేదో చెప్పలేమన్నారు డాక్టరు. అక్క నవ్వేసి ఊరుకుంది. ఆసుపత్రిలో చేరే ముందు రోజు సాయంత్రం నేను వెళ్ళేసరికి సర్దిన బ్యాగు గుమ్మం పక్కన ఉంది, బావ ఆటలో చివరి పోరాటం మీద ఉన్నాడు. ఓడితే దారంతా మళ్ళీ మొదటినుంచీ నడిచిరావాలి. అప్పుడాయన సంచి తెరిచి ఆ మందు తీశాడు. ఒకటి కాదు, వంతు వచ్చినప్పుడల్లా ఒకటి. అక్క ఆశ్చర్యపోయింది.

"ఏంటండీ, అన్నీ ఖర్చుపెట్టేస్తున్నారు? దాచుకోరా?"

"ఇంక దేనికి దాసుడు? కథ అయిపోవాలె. ఆఖరు దాకా నువ్వే జెప్పాలె, ఇయ్యాల్నే" అన్నాడు, తెర మీంచి చూపు తిప్పకుండా.

ఆయన ఎంత భయపడుతున్నాడో నాకప్పుడే తెలిసింది. దుఃఖం వచ్చింది, మంచినీళ్ళ వంకతో వంటింట్లోకి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి బావ గెలిచాడు. అక్క ముగింపంతా చదివింది, నచ్చని పిల్ల మాటలు కూడా ఒక్కటీ వదలకుండా.

ఆపరేషన్ బాగానే జరిగింది. గొంతు కొన్నాళ్ళు గుసగుసగానే ఉండి, తర్వాత కొంచెం జీరతో తిరిగొచ్చింది. ఇప్పుడు క్లాసులో చిన్న మైకు తగిలించుకుంటోంది. ఆలోగా ఆటలో కొత్త భాగం కొన్నా బావ దాని కవరు విప్పలేదు. అడిగితే, "సదివే మనిషి లేకుంట ఏం ఆడుత?" అన్నాడు. చివరికి మొన్న ఆదివారం విప్పారు. నేను వెళ్ళి చూస్తే నిజంగానే వంతులు తీసేశారు, అంతా పరుగులు, గుద్దులు. బావ వేళ్ళకు అందడం లేదు. తిట్టుకుంటూనే ఆడుతున్నాడు, ఆటలోని సముద్రం మాత్రం మస్తుగుందని ఒప్పుకున్నాడు. ఇంతలో తెర మీద ఒక ముసలి నావికుడు మాట్లాడటానికి నోరు తెరిచాడు. బావ చటుక్కున ఆట ఆపి, సౌండు తగ్గించాడు. అక్క టీ గ్లాసు కింద పెట్టి చదివింది. ఆ ముసలాయనకు ఆ జీర గొంతు అచ్చంగా అతికింది.

"ఇంకోపారి జెప్పు" అన్నాడు బావ. అర్థం కాక కాదని నాకూ తెలుసు, అక్కకూ తెలుసు. అయినా మళ్ళీ చెప్పింది. కాలం వెళుతూ వెళుతూ మన దగ్గర ఏదో ఒకటి పట్టుకుపోతూనే ఉంటుంది గానీ, ఆ సాయంత్రం మాకు అది వదిలిపెట్టిందే ఎక్కువగా కనిపించింది.