ఇంట్ల ఎవరి మాట నడుస్తది?

మాది మహబూబాబాద్. ఎం.ఏ. సోషియాలజీ చదివేటప్పుడు సర్వే కోసం చిట్యాల దగ్గర ఒక ఊరికి వెళ్లాను. సమాజం గురించి ఊహించి రాయొద్దు, మనుషుల్నే అడిగి తెలుసుకోవాలని మా సార్ చెప్పి పంపారు. పత్తి ఏరి వచ్చి కూర్చున్న ఒకామెను, "ఇంట్ల ఎవరి మాట నడుస్తదక్కా?" అని అడిగాను.

"నాదే" అని నవ్వింది.

పక్కనే ఉన్న ఆమె భర్త లేచి, చేతికందిన కట్టెతో ఆమె నెత్తి పగలగొట్టాడు. నేను అడ్డం పోతే రెండో దెబ్బకు నా కుడి మణికట్టు విరిగింది. చివరికి అత్తే అరుస్తూ వచ్చి కొడుకు చేతిలోని కట్టె గుంజుకుంది.

దవాఖానలో ఆమెకు కుట్లు వేస్తుంటే, "నా వల్లే అక్కా" అని ఏడ్చాను.

"కొట్టింది నువ్వు కాదు గదా చెల్లె. నేను చెప్పింది మాత్రం మార్చకు, గట్లనే రాయి" అంది.

ఎడమ చేత్తో అలాగే రాశాను. ఆ ప్రశ్న భర్త ముందు అడగకూడదని ఆమె నెత్తురు చూసేదాకా నాకు తోచనందుకు ఇప్పటికీ సిగ్గుపడుతుంటాను.