గుమ్మం దగ్గర సభ

మా డచ్ ప్రొఫెసర్‌గారికి మొహమాటం అంటే ఏమిటో చెప్పడానికి నేను ఒక సెమిస్టరంతా తంటాలు పడ్డాను. మాటలతో కుదరలేదు. చివరికి ఆయన్ని మా ఇంటికి పిలిచి చూపించాల్సి వచ్చింది.

ఎనభైల మొదట్లో మేము అమెరికాలో, పార్సిప్పనీ అనే ఊళ్లో ఒక అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్‌లో ఉండేవాళ్లం. ఉన్నది ఒక్క కారు. పగలు మా ఆయన ఆఫీసుకి తీసుకెళ్లేవారు, సాయంత్రం ఆయన రాగానే తాళాలు లాక్కుని నేను యూనివర్సిటీకి వెళ్లేదాన్ని. ప్రభుత్వ పాలన మీద ఎం.ఏ. చదువుతున్నాను. "ఇది చదివి ఎవర్ని పాలిస్తావు?" అని మా ఆయన అడిగితే "ముందు మిమ్మల్ని" అనేదాన్ని. ఆయన నవ్వి మా అమ్మాయికి అన్నం పెట్టడానికి వెళ్లేవారు.

ఆ ఏడాది యూరప్ దేశాల్లో పాలన ఎలా మారుతోందో చెప్పడానికి హాలండ్ నుంచి వచ్చారు ఈ ప్రొఫెసర్. పొడుగు మనిషి, మాట మహా సూటి. నా మొదటి పేపర్ చేతికిస్తూ, క్లాసందరూ వింటుండగా, "ఇందులో మొదటి సగం అనవసరం" అన్నారు. ఇంటికొచ్చేదాకా కారులో ఏడ్చాను. మర్నాడు తీసి చదువుకుంటే మొదటి సగం నిజంగానే అనవసరం. దాంతో ఒళ్లు ఇంకా మండింది.

కానీ పాఠం చెప్పడం మొదలుపెడితే వదలబుద్ధి అయ్యేది కాదు. వాళ్ల దేశంలో ఒకప్పుడు కేథలిక్కులు ఒక జట్టు, ప్రొటెస్టెంట్లు ఒక జట్టు, సోషలిస్టులు మరో జట్టు. ఎవరి బడి వాళ్లది, ఎవరి పత్రిక వాళ్లది, ఎవరి రేడియో వాళ్లది. చివరికి మేకలు పెంచుకునేవాళ్లలో కూడా కేథలిక్కులకు సంఘం వేరట! క్లాసంతా నవ్వింది. కిందివాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా బతికేస్తుంటే, పై పెద్దలు మాత్రం కూర్చుని మాట్లాడుకుని దేశాన్ని నడిపేవారట. ఇప్పుడు ఆ గోడలు కూలిపోతున్నాయనీ, రోడ్డు వేయాలన్నా బడి కట్టాలన్నా సర్కారు ముందుగా జనాన్ని పిలిచి అడగాల్సి వస్తోందనీ చెప్పారు. "అందరూ ఒప్పుకునేదాకా మాట్లాడతాం. మాట్లాడి మాట్లాడి విసిగిపోతాం, అయినా మాట్లాడతాం" అన్నారు.

నేను మాత్రం మేకల దగ్గరే ఆగిపోయాను. ఎందుకంటే సరిగ్గా ఆ వారమే మా తెలుగు క్లాసు రెండు ముక్కలవుతోందని నాకు తెలిసింది.

గుంటూరు వైపు నుంచి వచ్చిన కొన్ని తెలుగు క్రైస్తవ కుటుంబాలు ఒక అమెరికన్ చర్చి బేస్‌మెంట్‌లో ఆదివారం మధ్యాహ్నం ప్రార్థన పెట్టుకునేవి. ప్రార్థన, భోజనం అయ్యాక అదే హాల్లో పిల్లలకు నేను తెలుగు చెప్పేదాన్ని. హిందువుల పిల్లలు కూడా ప్రార్థన అయ్యే వేళకి వచ్చి, భోజనాల్లో కలిసి, తర్వాత పాఠానికి కూర్చునేవారు. అంతా హాయిగా ఉందనుకుంటుంటే ఒకరోజు ఫోను. మా పై అంతస్తులో ఉండే వదినగారు మా కాంప్లెక్స్ క్లబ్‌హౌస్‌లో వేరే క్లాసు మొదలుపెట్టబోతున్నారట. కాసేపటికి ఇంకో ఫోను, అదే మాట. ఫోను చేసిన ప్రతివాళ్లూ చివర్లో "నేను చెప్పానని అనకండేం" అన్నారు.

ఉన్న పిల్లలే కొద్దిమంది. విడిపోతే రెండు క్లాసులూ నిలవవు. అదీకాక మా అమ్మాయి ఇంట్లో మేము తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబిచ్చే పిల్ల. దానితో తెలుగు మాట్లాడించిన ఘనత నాది కాదు, చర్చిలో పాటలు పాడించే, మేమంతా అక్కయ్య అని పిలిచే ఆవిడ కూతురిది. ఆ పిల్ల ఇంట్లో అమ్మమ్మ ఉండేది కాబట్టి తెలుగు గడగడా వచ్చు. దానితో స్నేహం కోసం మా పిల్ల మాట మార్చుకుంది. క్లాసు పోతే ఆ స్నేహం పోతుంది, స్నేహంతో తెలుగూ పోతుంది. నా బెంగంతా అదే.

సరే, చదువుకున్నది ఎందుకూ అని, డచ్చివాళ్ల పద్ధతిలో అందర్నీ మా ఇంటికి పిలిచి మాట్లాడిద్దామనుకున్నాను. చూడటానికి ప్రొఫెసర్‌గారినీ రమ్మన్నాను. నాలుగింటికి అన్నాను. ఆయన నాలుగింటికే వచ్చారు. మనవాళ్లు ఐదున్నర దాటాక వచ్చారు. ఈలోగా ఆయన మిరపకాయ బజ్జీ తిని, కళ్ల నీళ్లు తుడుచుకుంటూ, "ఇది చాలా కారం, ఇంకొకటి ఇవ్వండి" అన్నారు.

సభ మొదలైంది. మా ఊరి తెలుగు సంఘానికి పెద్ద దిక్కు వరంగల్ అన్న. ఆయన గొంతు సవరించుకుని, "క్లాసు ఎక్కడ పెడదామో అందరు మనసుల మాట చెప్పుండ్రి" అన్నారు.

వదినగారు, "నాదేముందండీ, అందరికీ ఏది వీలైతే అదే" అన్నారు.

అక్కయ్య, "మాకూ అంతేనండీ, మీరంతా ఎలా అంటే అలాగే" అంది.

మిగతావాళ్లు కూడా అలాగే అలాగే అన్నారు. పది నిమిషాల్లో సభ అయిపోయింది. అందరూ కాఫీలు తాగారు. ప్రొఫెసర్‌గారు నా వైపు వంగి, "ఏం తేల్చారు?" అని అడిగారు.

"అందరూ ఒప్పుకున్నారు" అన్నాను.

"దేనికి?"

నాకేం తెలుసు? ఆయనే అందుకుని, "మా దేశంలో అయితే ఈపాటికి ఒకరినొకరు తిట్టుకునేవాళ్లం. ఎవరూ కాదనకపోతే ఎవరూ అవునననట్టే లెక్క" అన్నారు. ఆయన మీద వచ్చినంత కోపం నాకు ఆ రోజు ఇంకెవరి మీదా రాలేదు. నిజం చెప్పేవాళ్ల మీద కోపం అలాగే వస్తుంది.

ఇంతలో అందరూ "ఇక వెళ్లొస్తామండీ" అని లేచారు. ప్రొఫెసర్‌గారు కూడా లేచి కోటు వేసుకున్నారు. పాపం, మనవాళ్లు వెళ్లొస్తామన్న తర్వాతే అసలు మాటలు మొదలుపెడతారని ఆయనకు తెలియదు. కోట్లు తొడుక్కుని, బూట్లు సగం వేసుకుని, తలుపు బార్లా తెరిచి నిలబడ్డారు. బయట మంచు. "ఊరంతటికీ నేనే హీటింగ్ ఇస్తున్నా" అని మా ఆయన వెనక నుంచి గొణిగారు.

నేను మిగిలిన బజ్జీలు ఫాయిల్‌లో చుట్టి ఇస్తున్నాను. ఎలా వచ్చిందో తెలియదు, నోట్లోంచి మాట వచ్చేసింది. "వదినగారూ, రెండు క్లాసులైతే నేను ఏదీ చెప్పను. నా వల్ల కాదు. మా పిల్ల తెలుగు మాట్లాడుతోందంటే అది ఈ అక్కయ్య కూతురి చలవ. వాళ్లిద్దర్నీ విడదీయకండి."

వదినగారు కోటు గుండీ పెట్టుకోవడం ఆపేశారు. అప్పుడు అక్కయ్య, "మీకు మా చర్చి మెట్లు తొక్కడం ఇష్టం లేదనుకుంటా వదినగారూ. నేనే అర్థం చేసుకోవాల్సింది" అంది.

"అయ్యో రామ! మెట్లు కాదండీ బాబూ, కోడి!" అన్నారు వదినగారు.

"కోడేంటి?"

"మీ ఆదివారం కోడికూర! మావాడు దాని రుచి మరిగి ఇంట్లో పప్పు ముట్టడం లేదు. మా అత్తగారు పెట్టిన పులుసు వాసన చూసి ముక్కు మూసుకుంటున్నాడు. మీరు అంత ప్రేమగా వడ్డిస్తుంటే పెట్టొద్దని ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

అక్కయ్య నోరు తెరిచి, తర్వాత పగలబడి నవ్వింది. "ఆర్నెల్ల నుంచీ మీరు మమ్మల్ని చిన్నచూపు చూస్తున్నారని ఏడుస్తున్నానండీ నేను! మా కోడి బాగుందని కుళ్లా మీకు?"

"ఇగో, ఈ ముచ్చట లోపల కూసున్నప్పుడే చెప్పరాదుండ్రి?" అని వరంగల్ అన్న తల పట్టుకున్నారు. ఆ వెంటనే తన మనసులోదీ ఆయన కక్కేశారు. పిల్లలు ముందుగా వచ్చి ప్రార్థన జరుగుతుండగా హాలు వెనక గోల చేస్తుంటే తనకు సిగ్గుగా ఉంటోందట. అప్పుడిక ఒక్కొక్కరూ చెప్పడం, కాదనడం, చేతులు తిప్పడం. ఒక బూటు కాలికి, ఒక బూటు చేతిలో. గంటసేపు సాగింది. ప్రార్థన ముగిశాక పాఠం, పాఠం అయ్యాకే భోజనం, వదినగారు పులిహోర తెచ్చి కొడుకు పక్కనే కాపలా కూర్చోవడం. అన్నీ తేలాయి. క్లాసు ఒక్కటే.

మా ఆయన ఇదంతా ప్రొఫెసర్‌గారికి ఇంగ్లీషులో చెబుతూనే ఉన్నారు. కోడి దగ్గర కొంచెం కష్టపడ్డారు. ఆయన గోడకి ఆనుకుని, చేతిలో బజ్జీల పొట్లంతో, ఒక్క మాట కూడా జారిపోనివ్వకుండా విన్నారు.

అందరూ వెళ్లారు. ఆయన వెళ్లలేదు. మావాళ్లను చూసి నేర్చుకున్నారో ఏమో, గుమ్మంలోనే నిలబడ్డారు. "మా పక్కింట్లో నా ఈడు అబ్బాయి ఒకడుండేవాడు" అన్నారు. "వాళ్లు కేథలిక్కులు. వాడు వీధికి ఆ చివరి బడికి, నేను ఈ చివరి బడికి. చిన్నప్పుడంతా రోజూ పొద్దున్నే ఒకే గేటు దగ్గర ఎదురుపడి, చెరోవైపు నడిచేవాళ్లం. వాడి పేరు ఇప్పటికీ నాకు తెలియదు."

లోపల గదిలోంచి అరుపులు వినిపించాయి. అక్కయ్య కూతురు ఆ రాత్రికి మా ఇంట్లోనే ఉంటానని మొండికేసి ఉండిపోయింది.

"పిల్లలు కొట్టుకుంటున్నారా?" అని ఆయన కంగారుపడ్డారు.

నేను చెవి పెట్టి విన్నాను. బొమ్మ ఎవరిదో తేలక జుట్లు పట్టుకునేదాకా వచ్చారు. మా పిల్ల వత్తులు సగం ఎగరగొట్టి, అమెరికన్ యాసలో, "నువ్వు నాతో మాటాడకు! నేను నీకు పచ్చి, మనకి జట్టు లేదు!" అంటోంది. అక్షరం ఇంగ్లీషు లేదు.

"కొట్టుకోనివ్వండి" అన్నాను.