దివాణం అడ్రసు

మా ముత్తాతగారు పెదకోట లక్ష్మీనృసింహారావు గారు కొల్లేటి ఒడ్డున పన్నెండు గ్రామాలకు జమీందారు. మా తాతగారు పెదకోట వెంకట జగన్నాథరావు గారు ఏలూరు కచేరీకి వెళితే తెల్లదొర కుర్చీలోంచి లేచి నిలబడేవాడట. మా నాన్నగారు వెళితే గుమాస్తాలు లేచేవారు. నేను వెళితే, కాస్త జరగండి అని బెంచీ మీద పక్కాయన్ని నేనే అడగాలి.

అయినా నేను నడుం వంచి ఎరుగను. అలా వంచనందువల్లే, రెండు వేల ఐదు ప్రాంతంలో, గల్ఫ్‌లో ఉండగా, పాస్‌పోర్టు కొత్తది చేయించుకోబోయి ప్రాణాలు పోగొట్టుకున్నాను. పోయినవాడు ఇదంతా ఎలా రాస్తున్నాడని కంగారు పడకండి. ఆ పోయిన ప్రాణాన్ని తిరిగి తెచ్చుకున్న వైనమే ఈ కథ.

ముందుగా మా ఇంటి ఆచారం ఒకటి చెప్పాలి. తాత పేరు మనవడికి పెట్టాలి, అదీ అక్షరం తేడా రాకుండా. అందుచేత మా నాన్నగారు కూడా లక్ష్మీనృసింహారావే. నేను కూడా వెంకట జగన్నాథరావునే. రెండే పేర్లను తరం మార్చి తరం వాడుకుంటూ వంశమంతా గడిపేశాం.

రెండో సంగతి దివాణం, అంటే దొరలంకలో మా తాతల నాటి మేడ. గల్ఫ్‌కి వెళ్ళేముందే దాన్ని అమ్మేశాను. కొన్నది ప్రకాశరావు. వాళ్ళ నాన్న మా తాతగారి దోనె నడిపేవాడు. ప్రకాశరావుకి చేపల చెరువులు, ఐసు ఫ్యాక్టరీ, లారీలు ఉన్నాయి. ఊళ్ళో అందరూ 'గారు' అనేవారు. నేను మాత్రం 'ఏవోయ్ ప్రకాశం' అనేవాణ్ణి. రిజిస్ట్రేషన్ రోజున కూడా అంతే.

"ఏవోయ్ ప్రకాశం, ఇల్లు అమ్ముతున్నాను గాని మా తాతగారి పేరు అమ్మడం లేదు. గుమ్మం పక్కన పాలరాతి పలక మీద వారి పేరు, వారి తండ్రిగారి పేరు చెక్కి ఉన్నాయి. అది కదపకూడదు."

"అలాగేనండి బాబుగారూ. పెద్దాయన పేరు తీసి నేనేం చేసుకుంటానండి?"

"సావిట్లో ఆయన నిలువెత్తు పటం ఉండాలి."

"ఉంచుతానండి. రోజూ దండ కూడా వేయిస్తానండి."

ఆ దండే నా మెడకు పడుతుందని అప్పుడెవరికి తెలుసు?

గల్ఫ్‌లో ఏ ఊరో చెప్పను. జరిగినదాంట్లో అక్కడి ఎంబసీ వారి తప్పు ఆవగింజంత కూడా లేదు. ఒక కట్టడాల కంపెనీలో నేను స్టోర్‌కీపరుని, అంటే సిమెంటు బస్తాలకూ బోల్టులకూ జమీందారుని. పాస్‌పోర్టు గడువు ఇక రెండు నెలలే ఉంది. కొత్తది చేతికి రాకపోతే వీసా పొడిగించరు. వీసా లేకపోతే ఉద్యోగం లేదు. ఉద్యోగం పోతే ఏలూరులో సైకిల్ షాపు పైన మా ఆవిడ కామేశ్వరి, ఇద్దరు పిల్లలు ఉంటున్న రెండు అద్దె గదులు కూడా పోతాయి.

ఫారం నింపడానికి గదిలో కూర్చున్నాం. నాతో ఉండేవాడు అత్తిలి రాజు, ఎలక్ట్రీషియన్. నన్ను వెక్కిరించడం అతనికి రెండో ఉద్యోగం.

"ఏవండీ జమీందారు గారూ, శాశ్వత చిరునామా దగ్గర ఏం రాస్తున్నారండి?"

"దివాణం, దొరలంక."

"అది అమ్మేశారు కదండి!"

"అమ్మితే? గోడలు ఎక్కడికీ పోలేదుగా."

"అలా కాదండి. పోలీసులు విచారణకి వెళతారండి. పిల్లలుండే ఏలూరు ఇల్లు రాసేయండి."

"పెదకోట వారు సైకిల్ షాపు పైన అని రాయమంటావా? అది మకాం అయ్యా. చిరునామా అంటే దివాణమే!"

రాజు రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టాడు. అది గౌరవం కాదని ఇప్పుడు తెలుస్తోంది.

తరువాత సంతకం. మా వంశంలో సంతకమంటే పేరు, పేరు కింద ఒక పడవ, పడవ కింద రెండు అలలు. సంతకం గడి దాటితే ఫారం చెల్లదన్నారు. మొదటి ఫారంలో అలలు ఒడ్డు దాటాయి. రెండోదాంట్లో పడవ ముక్కు గడి గోడకు గుద్దుకుంది. మూడోదాంట్లో పడవని దోనెగా కుదించి, తాతగారికి మనసులోనే క్షమాపణ చెప్పుకుని, ఇచ్చేశాను.

నెల దాటాక ఎంబసీకి వెళ్ళాను. కౌంటర్లో ఉన్నావిడ అదృష్టవశాత్తూ తాడేపల్లిగూడెం ఆవిడ. ఫైలు తెరిచింది. కాగితం చూసి నన్ను చూసింది. మళ్ళీ కాగితం చూసింది.

"ఏవండీ, ఈ దరఖాస్తు పెట్టినాయన మీకేమవుతారండి?"

"ఏమీ అవరు. నేనే ఆయన్ని."

"కాస్త కూర్చోండి."

"కూర్చోను. విషయం చెప్పండి."

"చెబుతాను గాని కంగారు పడకూడదండి. మీరు చనిపోయారండి."

నా వెనక క్యూలో ఉన్నాయన మర్యాదగా రెండడుగులు వెనక్కి జరిగాడు. ఆవిడ మా ఊరి పోలీసుల విచారణ రిపోర్టు చదివింది. 'దరఖాస్తుదారు ముప్పై సంవత్సరముల క్రిందట కాలధర్మము చెందినారు. గ్రామములో మంచి పేరు కలదు. ఎట్టి నేరచరిత్ర లేదు.'

"నేరచరిత్ర లేదని రాశారుగా, అది చాలదా?"

"బతికుంటే చాలునండి" అంది ఆవిడ, ఎంతో జాలిగా. "మళ్ళీ విచారణ పెట్టమని రాస్తాను. మూడు వారాల్లో మంచి రిపోర్టు రావాలండి. మీ ఊళ్ళో ఎవరినైనా గట్టిగా చెప్పమనండి."

పరుగున ఫోన్ బూత్‌కి వెళ్ళి కామేశ్వరికి ఫోన్ చేశాను. అంతా విన్నది. తరువాత చాలాసేపు దగ్గింది. నవ్వు ఆపుకోవడానికి ఆవిడ దగ్గుతుంది.

"తాతగారి పేరు నిలబెడతానని ఎప్పుడూ అంటారు కదండి. పేరు నిలబడింది. పడిపోయింది మీరే."

"హాస్యాలకు ఇదా సమయం? ఆ ప్రకాశాన్ని పిలిపించి..."

"నేను పిలిపించను. ఆయనేం మన పాలేరా? మీరే ఫోన్ చేయండి. నంబరు రాసుకోండి. బతిమాలేటప్పుడు 'ఏవోయ్' అనకండి, బాగోదు."

బూత్‌లో నిలబడి గొంతు నాలుగుసార్లు సవరించుకున్నాను. నంబరు నొక్కాను.

"హలో, ఎవరండీ?"

"నేను... జగన్నాథరావుని. దివాణం జగన్నాథరావుని."

"ఏ జగన్నాథరావు గారండి?"

"బతికున్నాయన."

"అయ్యబాబోయ్! బాబుగారూ!" ప్రకాశరావు గొంతు ఒక్కసారిగా పైకి లేచింది. "మహాపరాధం జరిగిపోయిందండి. ఆ రోజు నేను లారీల పని మీద ఆకివీడు వెళ్ళానండి. కొత్త గుమాస్తా వీరాస్వామి ఉన్నాడండి, పెంటపాడు మనిషి, మిమ్మల్ని ఎరగడు. కానిస్టేబుల్ గారొచ్చి 'పెదకోట వెంకట జగన్నాథరావు ఉన్నాడా' అన్నారంటండి. 'ఉన్నారండి, రండి' అని వీడు సావిట్లోకి తీసుకెళ్ళి పటం చూపించాడంటండి."

"పటమా?"

"దండేసిన పటం చూశాక పోలీసాయన మాత్రం ఏం చేస్తారండి? 'తండ్రి పేరు లక్ష్మీనృసింహారావేనా' అన్నారంట. వీడు బయటికి తీసుకెళ్ళి పాలరాయి చూపించాడంట. అదీ సరిపోయిందండి!"

"వయసు? ఫారంలో నలభై అని రాశాను కదా!"

"అదీ అడిగారంటండి. 'నలభై ఏళ్ళ మనిషి అని రాసుందేంటయ్యా' అంటే, 'పటంలో అంతే ఉంటారు చూడండి' అన్నాడంటండి."

పటం వేయించిననాటికి తాతగారి వయసు నలభై. నిజమే. నన్ను చంపడానికి కావలసిన సాక్ష్యాలన్నీ నేనే షరతులు పెట్టి మరీ భద్రపరిపించాను.

"ఇప్పుడేం చేద్దామంటావు... అంటారు?" అన్నాను. ఆ 'అంటారు' నోటి దాకా రావడానికి మూడు తరాలు అడ్డుపడ్డాయి.

"అమ్మగారిని కారులో ఎక్కించుకుని నేనే స్టేషనుకి వెళ్ళి చెబుతానండి. కాకపోతే ఒక కాగితం కావాలండి. 'ఆ ఇల్లు నాది కాదు, అమ్మేశాను, నా కుటుంబం ఏలూరులో ఫలానా చోట ఉంటోంది' అని మీ చేత్తో రాసి ఫ్యాక్సు చేయాలండి."

ఫోన్ పెట్టేశాను. గదికి వచ్చి తెల్లకాగితం ముందు కూర్చున్నాను. 'ఆ ఇల్లు' అని రాశాను. కలం ఆగిపోయింది. సేల్‌డీడు మీద సంతకం పెట్టాను గాని, 'ఆ ఇల్లు నాది కాదు' అన్న మాట నోటితో ఎన్నడూ అనలేదు. రూములో అడిగినవాళ్ళకి కూడా 'దివాణంలో ప్రస్తుతం మనుషులు ఉంటున్నారు' అనేవాణ్ణి. రెండో కాగితంలో 'తాత్కాలికముగా' అని రాశాను. మూడోదాంట్లో 'కొందరి కోరిక మేరకు' అని రాశాను.

రాజు వంట మధ్యలో గరిటెతో వచ్చి తొంగిచూశాడు. "ఏవండీ, పోయినాయన అంత ఆలోచిస్తే ఎలాగండి? వచ్చేవారం వీసా ఆఫీసువాళ్ళు అడుగుతారు. రాసేయండి. ఇల్లు ఎప్పుడో పోయింది. మిమ్మల్నయినా మిగుల్చుకోండి."

రాసేశాను. 'ఆ ఇల్లు నాది కాదు. అమ్మేశాను. నా కుటుంబం ఏలూరులో సైకిల్ షాపు పైన అద్దెకు ఉంటోంది.' కింద సంతకం పెట్టాను. పడవ లేదు, అలలు లేవు. వట్టి పేరు. జీవితంలో మొదటిసారి నా సంతకం ఎంత గడిలోనైనా పట్టేలా వచ్చింది.

ఫ్యాక్సు పంపి, నకలు ఒకటి ఎంబసీలో ఇచ్చి చిరునామా మార్పించాను. అన్నమాట ప్రకారం ప్రకాశరావు కామేశ్వరినీ పిల్లలనూ వెంటబెట్టుకుని స్టేషనుకి వెళ్ళాడు. వీరాస్వామి కూడా వెళ్ళి, 'నేను చూపించింది తాతగారినండి' అని వాంగ్మూలం ఇచ్చాడు. గడువుకి ఆరు రోజుల ముందు పాస్‌పోర్టు వచ్చింది. చివరి పేజీలో సైకిల్ షాపు పైన అని అచ్చు వేసి ఉంది. తాడేపల్లిగూడెం ఆవిడ దాన్ని రెండు చేతులతో అందించి, "నూరేళ్ళు బతకండి" అంది. క్యూలో వాళ్ళు చప్పట్లు కొట్టారు. మా తాతగారికి కూడా ఏ కచేరీలోనూ చప్పట్లు పడలేదు.

సెలవు మీద వచ్చినప్పుడు దొరలంక వెళ్ళాను. సావిట్లో చేపల ట్రేలు, ఐసు తడి, పైన దండతో తాతగారు. నేను రాగానే ఆయన లేచి నిలబడ్డాడు. తాతగారు కాదు, ప్రకాశరావు. మా వాళ్ళెవరినో చూసి లేచినట్టు కాదు, చనిపోయి తిరిగొచ్చినవాణ్ణి చూసి లేచినట్టు.

"ప్రకాశరావు గారూ, కూర్చోండి" అన్నాను.

ఆయన కూర్చోలేదు. నా మొహంలోకి రెండు క్షణాలు చూసి, అప్పుడు కూర్చున్నారు.

"బాబుగారూ, ఆ పాలరాయి తీయించేయమంటారా అండి? మళ్ళీ పదేళ్ళకి పాస్‌పోర్టు గడువొస్తే ఇదే గొడవండి."

"ఉండనివ్వండి. కింద ఒక్క లైను చెక్కించండి చాలు. 'మనవడు వేరే. బతికే ఉన్నాడు. ఏలూరులో సైకిల్ షాపు పైన విచారించగలరు.'"

ఆయన చెక్కించలేదు గాని, వీరాస్వామి సుద్దముక్కతో రాశాడు. వానకి చెరిగిపోయినప్పుడల్లా మళ్ళీ రాస్తున్నాడట.

కాబట్టి పాఠకుల ముందు, ఆ పన్నెండు గ్రామాల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట నేను లేని ఇంట్లో ఏ ఫారంలోనూ కాపురం ఉండను. నా మనవడికి నా పేరు పెడతామంటే, వాడి తల్లిదండ్రులకు ముందు ఈ కథ చదివి వినిపిస్తాను.

ఇక ఎవరూ అడక్కుండానే, నా నోటితో నేనే చెబుతున్నాను. దివాణాన్నీ, వెనక ఉన్న కొబ్బరితోటనూ, అప్పట్లో సావిట్లో పరిచిన ఏలూరు తివాచీతో సహా, ప్రకాశరావు గారికి అమ్మేశాను.